ప్రశ్నలోనే ఉంది సగం చికిత్స
కృత్రిమ మేధను గృహవైద్య సలహా అడిగేవారికి ఒక అనుభవ పాఠం

నా చిన్నతనాన మా కంచికచర్లలో ఒక వైద్యులు గారు ఉండేవారు. ఆయన వద్దకు కొత్తగా వెళ్ళినవారు మొదట విసుగు చెందేవారు. రోగి తన బాధ చెప్పుకొని చెయ్యి చాచిన తరువాత కూడా ఆయన మందుల పెట్టె తెరిచేవారు కారు. "రాత్రి ఏం తిన్నావు? విరేచనం సాఫీగా అయిందా? నిద్ర పట్టిందా? చేలో పనా, రాతి క్వారీలో పనా? ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాగే ఉందా?" అని పావుగంట సేపు అడిగేవారు. ఒకసారి మా నాన్నగారు నవ్వుతూ, "దగ్గుకు మందు అడిగితే వంశవృక్షం అడుగుతున్నారేమిటండీ?" అన్నారు. "దగ్గు అందరిదీ ఒకటే. దగ్గేవాళ్ళే ఒక్కరు కారు" అని ఆయన బదులిచ్చారు.

ఆ మాటలోని లోతు నాకు అరవై ఏడవ ఏట గాని తెలిసిరాలేదు. అది కూడా చేతిలోని ఫోను ద్వారా, నా శ్రీమతి ఆరోగ్యం పణంగా తెలిసింది. నా వలె గృహవైద్యంపై మక్కువ గల పాఠక మహాశయులకు ఉపకరిస్తుందని, నా పొరపాటును దాచకుండా వ్రాస్తున్నాను.

మా ఇంట జరిగిన సంగతి

నేను ఉపాధ్యాయ వృత్తి నుండి విశ్రాంతి పొందినవాడిని. చిన్న చిన్న రుగ్మతలకు పెరటి మూలికలతోను, పోపుల పెట్టెలోని దినుసులతోను ఉపశమనం కలిగించటం నాకు చిరకాలపు అలవాటు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దాని వెనుకే అటువంటి సహాయకాలు మరికొన్ని వచ్చాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే సమాధానం ఇస్తాయి. మనం వ్రాసి ఇచ్చే ప్రశ్నను వారి పరిభాషలో ప్రాంప్ట్ అంటారు. మనం దానిని 'విన్నపం' అనుకొందాం.

గత మాఘమాసంలో నా శ్రీమతికి పొడి దగ్గు పట్టుకొంది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఈకతో గీరినట్లు ఉండేది. పడుకొంటే ఎక్కువయ్యేది. మా ప్రాంతంలో ఆ రోజులలో కల్లాలలో మిరప ఆరబోస్తారు. ఆ ఘాటు వలన కాబోలు అనుకొన్నాము. ఫోను తీసి, "పొడి దగ్గుకు ఆయుర్వేద గృహచికిత్స చెప్పు" అని వ్రాశాను. అంతే, ఒకే వాక్యం.

సమాధానం క్షణాలలో వచ్చింది. తులసి, అల్లం కషాయం. మిరియాల పొడి తేనెతో. అతిమధురం కషాయం రోజుకు రెండు పర్యాయాలు. ప్రతిదీ మన పెద్దలు చెప్పినదే. అడుగున "దగ్గు తగ్గకపోతే వైద్యుని సంప్రదించండి" అని ఉంది. దానిని నేను బస్సు టిక్కెట్టు వెనుక నిబంధనల వలె చూసి విడిచిపెట్టాను. అతిమధురం గొంతుకు హితవైనది కనుక దానినే ఎంచుకొని, మూడు వారాలు నా చేతులతో కాచి ఇచ్చాను.

దగ్గు తగ్గలేదు. పైగా ఒక ఆదివారం ఉదయం ఆమె, "ఏమండీ, చెప్పులు బిగుతుగా ఉన్నాయి, తల దిమ్ముగా ఉంది" అంది. పాదాలు వాచి ఉన్నాయి. ఇంట్లోని పరికరంతో రక్తపోటు చూశాను. ఎప్పుడూ 130, 80 దరిదాపుల ఉండేది 170, 100 చూపింది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మరల చూసినా అంతే.

విజయవాడలో ఇంజనీరింగు చదివే మా మనుమరాలు ఆ రోజు ఇంట్లో ఉంది. నా ఫోను అందుకొని, నేను వ్రాసిన వాక్యం చదివి, "తాతయ్యా, ఇందులో అమ్మమ్మ ఎక్కడుంది?" అంది. "అమ్మమ్మ వయసు చెప్పలేదు. బీపీ ఉందని చెప్పలేదు. ఏ మాత్ర వేసుకుంటుందో చెప్పలేదు. అది ఊరందరికీ చెప్పే జవాబు మీకూ చెప్పింది."

అప్పుడు ఆ పిల్ల ఎదుట కూర్చొని ఈ విధంగా మరల వ్రాశాను:

"నా భార్య వయసు 61. బరువు 68 కిలోలు. పన్నెండేళ్ళుగా రక్తపోటు ఉంది. మధుమేహం, ఆస్తమా లేవు. పొగ త్రాగే అలవాటు ఇంట్లో ఎవరికీ లేదు. రెండున్నర నెలల క్రితం పాత మాత్ర మార్చి రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండు నెలలుగా పొడి దగ్గు, రాత్రి ఎక్కువ, కఫం, జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి లేవు. మూడు వారాలుగా రోజుకు రెండుసార్లు అతిమధురం కషాయం ఇస్తున్నాను. ఈ రోజు పాదాల వాపు, తలనొప్పి, రక్తపోటు 170, 100. ఈ దగ్గుకు, వాపుకు కారణాలు ఏమై ఉండవచ్చు? ఏది వెంటనే మానాలి? వైద్యుని ఏమి అడగాలి?"

యంత్రం అదే, ఫోను అదే. సమాధానం మాత్రం పూర్తిగా వేరు. మొదటి మాటగా అతిమధురం ఆపమంది. అది రక్తపోటును పెంచగలదని, ఒంటిలో నీరు నిలిచేటట్లు చేయగలదని చెప్పింది. రామిప్రిల్ జాతి మాత్రల వలన కొందరికి పొడి దగ్గు వస్తుందని, అయితే వైద్యుని అడగకుండా మాత్ర ఆపవద్దని, ఆ రోజే వైద్యునికి చూపించమని, చూపు మసకబారినా, ఛాతీ నొప్పి గాని ఆయాసం గాని వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని వ్రాసింది.

మధ్యాహ్నానికి నందిగామ వెళ్ళాము. వైద్యులు ఫోనులోని నా విన్నపం చదివి, "మాస్టారూ, మొదట మీరు దానిని అడిగింది దగ్గు గురించి, ఇప్పుడు అడిగింది అమ్మగారి గురించి" అన్నారు. కొన్ని పరీక్షలు చేయించి, మాత్రను వేరొక జాతికి మార్చారు. వారం రోజులలో వాపు తీసింది. మూడు వారాలకు దగ్గు జాడ లేదు.

ఇందులోని శాస్త్రం

రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు శరీరంలో ఒక ఎంజైమును అడ్డగించి రక్తపోటును తగ్గిస్తాయి. ఆ ఎంజైమే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విచ్ఛిన్నం చేస్తుంది. మాత్ర వలన అది పేరుకొని, కొందరిలో పొడి దగ్గుకు కారణమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు రావచ్చు, నెలలకు రావచ్చు. మాత్ర మార్చిన తరువాత సాధారణంగా కొద్ది వారాలలో తగ్గుతుంది.

అతిమధురం మన గ్రంథాలు యష్టిమధువని కొనియాడిన దివ్యౌషధం. దానిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కాని దానిలోని గ్లైసిరైజిన్ అనే పదార్థం ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో లోపలికి వెళ్ళినప్పుడు మూత్రపిండాల ద్వారా ఉప్పును, నీటిని శరీరంలో నిలుపుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది, రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్నవారికి, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారికి ఇది ప్రమాదం. కనుక మందు మంచిదే, జవాబులోనూ అబద్ధం లేదు. ఎవరికి అన్న విషయమే ఆ విన్నపంలో లేదు.

సుశ్రుతుడు చెప్పిన ఆరవ సాధనం

రోగాన్ని తెలుసుకొనే ఉపాయాలు ఆరు అని సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలో చెప్పాడు. పంచేంద్రియాలు అయిదు, ప్రశ్న ఆరవది. వైద్యుడు చూస్తాడు, తాకుతాడు, శ్వాస శబ్దం వింటాడు. అప్పటికీ తెలియనిది అడుగుతాడు. చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో రోగిని పది విధాలుగా పరీక్షించవలెనని ఉంది: ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వీటితోపాటు రోగి ఏ దేశంలో పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, ఎక్కడ జబ్బుపడ్డాడు అనేది కూడా తెలుసుకోమన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దేశం, బలం, కాలం, అగ్ని, వయస్సు మొదలైనవన్నీ చూచిన తరువాతనే చికిత్స నిర్ణయించమన్నాడు. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల నేటికీ విద్యార్థులు రోగి పరీక్షకు ఈ పాఠాలే నేర్చుకొంటున్నారు.

కృత్రిమ మేధకు మనం వ్రాసిన అక్షరాలే ఆధారం. ఫొటో పంపితే చూడగలిగేవి ఉన్నాయి గాని, నాడి పట్టుకోలేదు, వాపును వ్రేలితో నొక్కి చూడలేదు. దానికి మిగిలినది ఆ ఆరవ సాధనం ఒక్కటే. వైద్యుడు తానే ప్రశ్నిస్తాడు. యంత్రం మాత్రం చాలాసార్లు ఎదురు ప్రశ్న వేయకుండానే సమాధానం చెప్పివేస్తుంది.

దీనికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. అపారమైన వ్రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకొన్న యంత్రం అది. మనం చెప్పని చోట సగటు మనిషిని ఊహించుకొని వాక్యాన్ని పూర్తి చేస్తుంది. ఆ సగటు మనిషికి రక్తపోటు ఉండదు, ఏ మాత్రా వేసుకోడు. మన ఇంట్లో ఉన్నది సగటు మనిషి కాదు కదా!

విన్నపంలో ఏమేమి ఉండవలెను?

పెద్దలు చెప్పిన పరీక్షా విధానాన్నే అనుసరించి, నేను ఇప్పుడు ఈ క్రింది అంశాలను వ్రాసిన తరువాతనే ప్రశ్న అడుగుతున్నాను.

1. వయస్సు, స్త్రీ పురుష భేదం, బరువు. వయస్సు ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. "పిల్లవాడికి దగ్గు" అంటే తేనె నాకించమని సలహా రావచ్చు. ఏడాది నిండని శిశువుకు తేనె ఇవ్వకూడదు. తేనెలో ఉండే అవకాశం గల ఒక రకం సూక్ష్మజీవి బీజాల వలన బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రాగలదు. 'పిల్లవాడు' అనక 'ఏడు నెలల శిశువు' అని వ్రాయవలెను. స్త్రీల విషయంలో గర్భవతియా, పాలిచ్చే తల్లియా అన్నది తప్పక చెప్పవలెను.

2. పూర్వ వ్యాధులు. రక్తపోటు, మధుమేహం, ఆస్తమా, అల్సరు, మూత్రపిండాల బాధ, జరిగిన ఆపరేషన్లు, పడని పదార్థాలు. లేని వాటిని 'లేవు' అని వ్రాయటం కూడా మేలు. అప్పుడు యంత్రం ఊహించవలసిన పని ఉండదు.

3. వాడుతున్న మందులు. మాత్ర పేరు, మోతాదు, ఎప్పటి నుండి అనేవి మూడూ కావలెను. 'బీపీ మాత్ర' అంటే చాలదు. అట్ట మీది పేరు చూసి వ్రాయవలెను. కషాయాలు, లేహ్యాలు, చూర్ణాలు కూడా మందులేనని మరువరాదు. నేను మరచినది ఇదే.

4. వికృతి, అనగా ప్రస్తుత బాధ. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది, దానితోపాటు ఏమున్నాయి, ఏమి లేవు. కొలత ఉన్నచోట అంకె ఇవ్వవలెను. 'జ్వరం బాగా ఉంది' అనే కంటే '102 డిగ్రీలు, రెండు రోజులుగా' అనటం మేలు.

5. దేశం, కాలం, వృత్తి. మా పరిటాల, కంచికచర్ల చుట్టుప్రక్కల రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. అక్కడ పనిచేసేవాని దగ్గు వేరు, మాఘ ఫాల్గుణాలలో మిరప కల్లం వద్ద పనిచేసేవారి దగ్గు వేరు, రామిప్రిల్ వేసుకొనే గృహిణి దగ్గు వేరు. మూడింటినీ 'పొడి దగ్గు' అనే రెండు మాటలతోనే అడిగితే ఒకే సమాధానం వస్తుంది.

6. ఆహారశక్తి, సాత్మ్యం. ఏమి తింటారు, ఏది అలవాటు, ఆకలి, నిద్ర, విరేచనం ఎట్లా ఉన్నాయి.

7. ఇంతవరకు చేసిన ఉపచారం, దాని ఫలితం.

8. మనకు కావలసినది ఏమిటి? 'ఏం చేయాలి' అనటం కన్న, 'కారణాలు చెప్పు', 'ఈ మందుతో ఈ మూలిక కలిస్తే హాని ఉందా చెప్పు', 'వైద్యుని అడగవలసిన ప్రశ్నలు వ్రాసి ఇవ్వు' అని స్పష్టంగా అడుగవలెను.

ఇంత వ్రాయటానికి ఓపిక లేనివారికి ఒక సులువు. విన్నపం చివర "సమాధానం చెప్పేముందు నీకు తెలియవలసిన విషయాలు నన్ను అడుగు" అని చేర్చండి. అప్పుడు యంత్రం మా వైద్యులు గారి వలె ప్రశ్నలు వేస్తుంది.

అయితే వివరమంటే విస్తరణ కాదు. కోడలి మీద కోపం, పక్కింటివారి పెళ్ళి ముచ్చట్లు రోగానికి సంబంధం లేనివి. వాటి మధ్య అసలు విషయం మరుగున పడుతుంది.

పేర్లు, కొలతలు తెచ్చే చిక్కు

మన మూలికల పేర్లతో ఒక ప్రత్యేక ప్రమాదం ఉన్నది. సంస్కృతంలో 'వాసా' అంటే మన అడ్డసరం, దగ్గుకు ప్రసిద్ధి. తెలుగులో 'వస' అంటే సంస్కృతంలో వచ. పూర్తిగా వేరే దుంప. దీర్ఘాలే తేడా. ఫోనులో త్వరగా కొట్టేటప్పుడు, నోటితో చెప్పేటప్పుడు ఆ దీర్ఘాలు జారిపోవచ్చు. కనుక తెలుగు పేరు, సంస్కృతం పేరు, తెలిస్తే వృక్షశాస్త్ర నామం వ్రాయవలెను. ఆకా, వేరా, దుంపా అన్నది కూడా చెప్పవలెను.

కొలతలు కూడా అట్లే. గిద్దెడు, చారెడు, చిటికెడు మనకు తెలుసు. యంత్రం వాటిని ఎట్లా లెక్కిస్తుందో మనకు తెలియదు. పాత తులం పదకొండున్నర గ్రాములకు పైన ఉండేది. నేటి బజారులో పది గ్రాములనే తులం అంటున్నారు. గ్రాములలో, మిల్లీలీటర్లలో చెప్పటం, సమాధానం కూడా వాటిలోనే కోరటం క్షేమం.

మిరప చేనుకూ ఇదే న్యాయం

ఈ సూత్రం వైద్యానికే పరిమితం కాదు. మా బంధువొకరు మిరప రైతు. "మిరపకు ముడత, మందు చెప్పు" అని ఇదే యంత్రాన్ని అడిగి, వచ్చిన పేర్లలో మొదటిది కొట్టబోయారు. ఆకు పైకి ముడుచుకొంటే సాధారణంగా తామర పురుగు. క్రిందికి ముడుచుకొంటే నల్లి. ఒకదానికి పనిచేసే మందు రెండవదానికి పనిచేయకపోవచ్చు. 2021లో తెలుగు నాట మిరపను దెబ్బతీసిన కొత్త తామర పురుగు పూలలో చేరి పాడుచేసింది. అందువలన ఆకు ఎటు ముడిచింది, పూలు విదిలిస్తే ఏమి రాలుతుంది, మొక్క వయసెంత, ఇంతకుముందు ఏమి కొట్టారు అనేవి లేని ప్రశ్నకు సరైన జవాబు రాదు. చేనుకూ ప్రకృతి, వికృతి, దేశం, కాలం ఉన్నాయి మరి!

చెప్పకూడనివి, చేయకూడనివి

రోగి పేరు, ఇంటి చిరునామా, ఫోను నెంబరు, ఆధార్ సంఖ్య యంత్రానికి అక్కరలేదు. 'మా ఇంట్లో 61 ఏళ్ళ స్త్రీ' అంటే చాలును. పరీక్షల రిపోర్టు ఫొటో తీసి పంపేవారు పైన ఉన్న పేరును, నెంబరును మడిచి తీయవలెను.

మన అభిప్రాయాన్ని ముందే చెప్పి ఒప్పించరాదు. "ఇది వాత దోషమే కదా?" అని అడిగితే "అవును" అనే గుణం ఈ యంత్రాలకు ఉన్నది. లక్షణాలు చెప్పి, నిర్ణయాన్ని అడుగవలెను.

వివరమంతా ఇచ్చినా అది పొరపడవచ్చు. ఇటువంటి యంత్రాలు తప్పుడు, అసంపూర్ణ సమాచారాన్ని కూడా ధీమాగా చెప్పగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో వెలువరించిన మార్గదర్శకాలలో హెచ్చరించింది. మందు మొదలుపెట్టటం, మానటం, మార్చటం వైద్యుని మాట మీదనే జరుగవలెను. ఛాతీ నొప్పి, పక్షవాత సూచన, పాము కాటు, ఆగని రక్తస్రావం వంటి వేళలలో విన్నపం వ్రాస్తూ కూర్చోరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఒక కాగితం చాలు

ఆ ఆదివారం రాత్రి మా మనుమరాలి సలహాపై ఒక పని చేశాము. ఇంట్లో ప్రతివారికి ఒక్కొక్క తెల్ల కాగితం తీసుకొని వయస్సు, బరువు, జబ్బులు, మాత్రల పేర్లు, అవి మొదలుపెట్టిన తేదీలు, పడని పదార్థాలు, వాడుతున్న చూర్ణాలు, కషాయాలు వ్రాసి, మందుల బీరువా తలుపు లోపలివైపు అంటించాము. యంత్రాన్ని అడిగేటప్పుడు దాని నుండి చూసి వ్రాస్తాను. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఫోనుతో ఒక ఫొటో తీసుకొంటాను. మందు మారిన రోజున కాగితం కూడా మారుతుంది. నా శ్రీమతి తన కాగితంలో 'పడనివి' అన్నచోట తానే స్వయంగా వ్రాసుకొంది: "అతిమధురం. మా వారు కాచి ఇచ్చినా సరే."

పాఠకులు కూడా వచ్చే ఆదివారం ఒక గంట కేటాయించి తమ ఇంట ఇటువంటి కాగితాలు సిద్ధం చేసుకొనవలెనని నా మనవి. మా వైద్యులు గారు పావుగంట అడిగి తెలుసుకొన్నది, అడుగని యంత్రానికి మనమే ముందుగా చెప్పవలసి ఉన్నది.